మౌనమంతా శాంతి కాదు

నర్సును, మఠకన్యను మనం ఒకే పేరుతో పిలుస్తాం: సిస్టర్. ఆ పిలుపులో గౌరవం ఉంది, ఆప్యాయత ఉంది. దాని వెనుక ఒక ఊహ కూడా దాగి ఉంది. సిస్టర్ అన్నాక ఓర్చుకోవాలి, ఎదురు మాట్లాడకూడదు, చెప్పిన పని చేసుకుని పోవాలి అన్నదే ఆ ఊహ. బిడ్డకు ఉద్యోగం రాగానే తల్లిదండ్రులు చెప్పి పంపే బుద్ధి కూడా ఇదే. "పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోకమ్మా, తల వంచుకుని పని చేసుకో." చెప్పేవారి మనసు మంచిదే. కాని ఆ బుద్ధి అన్ని వేళలా ధర్మమేనా? పనిచేసే చోట శాంతి కోసం నోరు మూసుకోవడం సద్గుణమా, పిరికితనమా? ఈ వారం ఈ ప్రశ్నను కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఏ విచారణకు వెళ్ళినా నర్సింగు చదువుతున్న బిడ్డ గాని, చదివి ఉద్యోగం చేస్తున్న బిడ్డ గాని కనిపిస్తుంది. రెండేళ్ళ ఏ.ఎన్.ఎం. శిక్షణో, మూడేళ్ళ జి.ఎన్.ఎం. కోర్సో, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగో చదివించడానికి కూలి డబ్బులు కూడబెట్టిన తల్లిదండ్రులు మనలో ఉన్నారు. ఒకప్పటి పాలమూరు జిల్లా నుండి 2016 అక్టోబరులో ఈ మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంతవరకు ప్రాణం మీదికి వస్తే కర్నూలు పెద్దాసుపత్రికో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో పరుగెత్తిన జనానికి ఇది పెద్ద మేలు. అయితే ఆసుపత్రి పెద్దదయ్యేకొద్దీ ఒకే కప్పు కింద పనిచేసేవారు పెరుగుతారు. ప్రొఫెసర్లు, డ్యూటీ డాక్టర్లు, హెడ్ నర్సులు, రెగ్యులర్ నర్సులు, కాంట్రాక్టు నర్సులు, అవుట్‌సోర్సింగు సిబ్బంది, ఆయాలు, వార్డు బాయిలు అందరూ కలిసి పనిచేయాలి. నాలుగు గిన్నెలు ఒకచోట ఉంటే చప్పుడు రాక తప్పదు కదా!

కాబట్టి భేదాభిప్రాయం రావడం పాపం కాదు. అది వచ్చినప్పుడు మనమేమి చేస్తాము అన్నదే నైతిక ప్రశ్న.

ఒక సందర్భాన్ని ఊహించుకోండి. కాన్పుల వార్డు, రాత్రి రెండు గంటలు. ఒక బాలింతకు జ్వరం వచ్చింది. అప్పటికి పద్దెనిమిది గంటలుగా నిలబడి పనిచేస్తున్న డాక్టరు వచ్చి ఆంపిసిలిన్ ఇంజెక్షన్ వ్రాసి వెళ్ళాడు. నర్సు కేసు షీటు తిరగేసింది. చేర్చుకున్న రోజున ఆ తల్లి చెప్పిన మాట మొదటి పేజీలోనే ఉంది. పెన్సిలిన్ తనకు పడదని, లోగడ ఒకసారి ఊపిరాడక చావు దాకా వెళ్ళి వచ్చానని చెప్పింది. ఆంపిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందే. నర్సు ఫోను చేసింది. అటునుండి వచ్చిన జవాబు: "డాక్టరువు నువ్వా, నేనా? వ్రాసింది ఇవ్వు." ఫోను పెట్టేశాడు.

ఇప్పుడామె ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, నోరు మూసుకుని మందు ఇవ్వడం. ఏమైనా జరిగితే బాధ్యత డాక్టరుది, చెప్పింది చేశాను అనుకోవడం. రెండవది, నోరు మూసుకుని మందు ఇవ్వకపోవడం, కాని ఇచ్చినట్లు షీటులో సంతకం చేయడం. చాలామందికి ఇది తెలివైన పనిగా తోస్తుంది. ప్రాణమూ నిలిచింది, గొడవా లేదు! కాని ఇందులో అబద్ధం ఉంది. ఆ అబద్ధాన్ని నమ్మి, ఉదయం వచ్చే డాక్టరు మందు పనిచేయలేదని మరో నిర్ణయం తీసుకుంటాడు. జ్వరానికి అవసరమైన సరైన మందు ఆ తల్లికి అందనే అందదు. మూడవది, మళ్ళీ మాట్లాడడం. "సార్, పేషెంటుకు పెన్సిలిన్ పడదని షీటులో ఉంది. ఈ ఇంజెక్షన్ నేను ఇవ్వలేను. దయచేసి వేరే మందు చెప్పండి" అని స్పష్టంగా అనడం. అప్పటికీ వినకపోతే పై అధికారిని లేపడం, జరిగినదంతా ఉన్నదున్నట్లు షీటులో వ్రాయడం. ఈ మూడవ దారిలో గొడవ ఉంది, తిట్లున్నాయి, రేపు డ్యూటీ చార్టులో కక్షసాధింపు కూడా ఉండవచ్చు. అయినా ధర్మం ఈ దారిలోనే ఉంది.

ఎందుకని? పాతకాలపు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో బానిసను ప్రాణమున్న పనిముట్టుగా వర్ణించాడు. పనిముట్టుకు బాధ్యత ఉండదు. కత్తి కోస్తే తప్పు కత్తిది కాదు, పట్టిన చేతిది. మొదటి దారిలో నడిచే నర్సు, తెలియకుండానే, తనను తాను పనిముట్టుగా ఒప్పుకుంటున్నది. కాని ఆమెకు చదువుంది, కళ్ళున్నాయి, మనస్సాక్షి ఉంది. తెలిసి చేసిన పనికి చేసినవారే జవాబుదారి. పెద్దలు చెప్పారు అన్న మాట ఆ భారాన్ని కొంత తగ్గిస్తుందేమో గాని తీసివేయదు. విధేయత గొప్ప సుగుణమే. అయినా పై అధికారి ఆజ్ఞ అంతకంటే గొప్ప ఆజ్ఞకు విరుద్ధమైనప్పుడు విధేయత అక్కడితో ఆగిపోతుందని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు.

"మరి శాంతి మాటేమిటి స్వామీ? శాంతి స్థాపకులు ధన్యులు అని మీరే కదా చెబుతారు" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే శాంతి అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. పునీత అగుస్తీను గారు శాంతిని సరైన క్రమంలో నుండి పుట్టే ప్రశాంతతగా నిర్వచించారు. అక్వినాసు గారు మరొక అడుగు ముందుకు వేసి, భయంవల్ల ఒకరు మరొకరితో ఏకీభవిస్తే అది నిజమైన శాంతి కాదన్నారు. అణగద్రొక్కబడిన మనసు లోపల ఇంకా పోరాడుతూనే ఉంటుంది కాబట్టి, పైకి కనిపించే ఆ ఒప్పందం శాంతి వేషం మాత్రమే. ఈ వెలుగులో మన వార్డును చూడండి. నర్సు మందు ఇచ్చి మౌనంగా కూర్చుంటే ఆ రాత్రి వార్డు ప్రశాంతంగానే ఉంటుంది. కాని క్రమం తలక్రిందులైంది. డాక్టరు అహం పైన, రోగి ప్రాణం కింద ఉన్నాయి. అక్కడ ఉన్నది నిశ్శబ్దమే గాని శాంతి కాదు. శాంతి స్థాపకులు అన్న మాటలో స్థాపించడం అనే పని ఉంది. గొడవను తప్పించుకుని తిరిగేవారు దేనినీ స్థాపించరు.

ఇది గురువులు పుస్తకాల్లో చదివి చెప్పే మాట మాత్రమే కాదు. ఆసుపత్రుల అనుభవమూ ఇదే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం ఒక చిన్న జాబితాను తయారుచేయించింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్నవారంతా తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. పేషెంటు ఎవరో, ఏ ఆపరేషనో, ఏ మందు పడదో బిగ్గరగా చదివి సరిచూసుకోవాలి. అంతే. ఎనిమిది దేశాల నగరాల్లో దీనిని పరీక్షించారు. వాటిలో ఒకటి ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి. 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అంతకుముందు ప్రతి వెయ్యి మందిలో 15 మంది చనిపోగా, జాబితా అమలైన తరువాత 8 మంది చనిపోయారు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, పెద్ద రక్తనాళంలోకి గొట్టం అమర్చేటప్పుడు డాక్టరు శుభ్రతా నియమాల్లో ఒకటి వదిలేస్తే అక్కడికక్కడే ఆపే అధికారాన్ని నర్సులకు ఇచ్చారు. ఆ పద్ధతినే మిచిగన్ రాష్ట్రంలోని ఐ.సి.యు.లలో పాటించగా, 2006లో వెలువడిన లెక్కల ప్రకారం, ఆ గొట్టాలవల్ల వచ్చే రక్తపు ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త యంత్రం కొనలేదు. నోరు విప్పడానికి నర్సుకు అనుమతి ఇచ్చారు, వినడం డాక్టరుకు నేర్పారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ప్రతివారూ ప్రశ్నించడం మొదలుపెడితే ఆసుపత్రి సంతలా మారదా? మారుతుంది, ప్రశ్నించడానికి పద్ధతి లేకపోతే. పై అధికారిని కింది ఉద్యోగి సరిదిద్దవచ్చునా అన్న ప్రశ్నను అక్వినాసు గారు నేరుగానే చర్చించారు. సరిదిద్దవచ్చు, ప్రేమ కోరినప్పుడు సరిదిద్దాలి కూడా. కాని పొగరుతో కాదు, మర్యాదతో అని ఆయన జవాబు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా కలిసి చెప్పాలని, వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళాలని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పారు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఒంటరిగా చెప్పే సమయం ఉండదు. అంతియోకియలో పౌలుగారు పేతురుగారిని అందరి ముందే నిలదీశారు. మెట్లు ఇవి: ఒంటరిగా చెప్పు, వినకపోతే సాక్షులతో చెప్పు, ప్రాణాపాయమైతే అప్పటికప్పుడే చెప్పు. ఎప్పుడు చెప్పినా, మనిషిని గూర్చి కాదు, విషయాన్ని గూర్చి చెప్పు. "మీకు ఏమీ తెలియదు" అనే మాట మనిషిని గాయపరుస్తుంది. "షీటులో ఇలా ఉంది సార్" అనే మాట విషయాన్ని ముందు పెడుతుంది.

ఇక డాక్టర్లతో వచ్చే గొడవకంటే నర్సుల మధ్య వచ్చే గొడవలే ఎక్కువ బాధిస్తాయని ఈ వృత్తిలో ఉన్నవారు చెబుతుంటారు. నైట్ డ్యూటీలు ఎవరికి ఎక్కువ పడ్డాయి? క్రిస్మసుకు సెలవు ఎవరికి దొరికింది? రెగ్యులరు అక్క కుర్చీలో కూర్చుంటే కాంట్రాక్టు చెల్లెలు పరుగులు తీయాలా? ఇవి చిన్న విషయాలు కావు, న్యాయానికి సంబంధించినవి. మాట్లాడి తేల్చుకోవలసినవి. కాని అలిగి మాటలు మానేస్తేనే అసలు ప్రమాదం. డ్యూటీ మారేటప్పుడు పోయేవారు వచ్చేవారికి ఒక్కో మంచం దగ్గర పేషెంటు సంగతి అప్పజెప్పాలి. ఎవరికి రక్తస్రావం ఎక్కువగా ఉంది, ఎవరి సెలైన్ అయిపోవచ్చింది, ఎవరి రిపోర్టు ఇంకా రాలేదు అన్నీ చెప్పాలి. అక్కమీద కోపంతో చెల్లెలు ముభావంగా ఫైలు బల్లమీద పడేసి వెళ్ళిపోతే, ఆ కోపానికి వెల చెల్లించేది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు, మంచంమీద ఉన్నవారు.

మంచి సమరీయుని కథ మనందరికీ కంఠతా వచ్చు. అందులో ఒక మనిషిని మాత్రం మనం మరచిపోతాం. సత్రపు యజమాని! సమరీయుడు గాయాలు కడిగాడు, కట్టు కట్టాడు, గాడిదమీద మోసుకొచ్చాడు. కాని మరునాడు అతడు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు రెండు దీనారములిచ్చి, ఇక నీవు చూసుకో అని అప్పజెప్పాడు. ఆ తరువాత రాత్రింబగళ్ళు మేలుకున్నది సత్రంవాడే. ఒకరు మొదలుపెట్టిన దయను మరొకరు కొనసాగించకపోతే ఆ గాయపడినవాడు బ్రతికేవాడా? నల్లమలలో, అమ్రాబాదు అడవుల్లో ఒక చెంచు పెంటలో గర్భిణికి నొప్పులు వచ్చాయనుకోండి. ఆశా కార్యకర్త కబురు చేయాలి, ఏ.ఎన్.ఎం. రావాలి, 108 బండి అందాలి, అచ్చంపేటలో నర్సు చూడాలి, అవసరమైతే నాగర్‌కర్నూలులో డాక్టరు సిద్ధంగా ఉండాలి. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించిన సంఘటన మార్కు సువార్తలో ఉంది కదా. ఒక మూలన పట్టినవాడు చేయి వదిలేస్తే మంచం ఒరిగిపోతుంది. మిగిలిన ముగ్గురి బలం ఎంతటిదైనా లాభం లేదు.

కోపిష్ఠి మనిషి మంచి నర్సు కాలేదా? పునీత కమిల్లుసు గారి చరిత్ర చూడండి. 1550లో ఇటలీలో పుట్టిన ఈయన సైనికుడు, జూదరి. కాలికి మానని పుండుతో రోమునగరంలోని సాన్ జాకొమొ ఆసుపత్రిలో చేరి, అక్కడే పనివాడుగా కుదిరాడు. జూదం, తోటివారితో తగాదాలు భరించలేక ఆసుపత్రివారు ఆయనను పంపించివేశారు. తరువాత మనసు మారి, అదే ఆసుపత్రికి తిరిగివచ్చి, రోగులకు సేవచేసి, చివరకు దాని నిర్వాహకుడయ్యాడు. రోగుల సేవకై ఒక గురు సభనే స్థాపించాడు. 1930లో 11వ భక్తినాథ పోపుగారు ఆయనను నర్సులకు పాలక పునీతునిగా ప్రకటించారు. తగాదాకోరని పనినుండి తొలగించబడిన మనిషే ఈనాడు నర్సులందరికీ పాలకుడు! స్వభావం మారదు అని ఏ హెడ్ నర్సూ ఏ చిన్నదాని గూర్చీ తీర్పు చెప్పకుండా ఉండడానికి ఈ ఒక్క జీవితం చాలు.

అయితే ప్రియ పాఠకులారా, గొడవలన్నీ స్వభావంవల్లనే వస్తాయనుకుంటే మనం అన్యాయం చేసినవారమవుతాం. మంచివారుగా జీవించడానికి సద్గుణంతోపాటు శరీరానికి అవసరమైనవి చాలినంత ఉండాలని అక్వినాసు గారు రాజపాలనను గూర్చిన తమ గ్రంథంలో వ్రాశారు. భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. మీరు చూసిన వార్డుల్లో ఎంతమందికి ఒకరున్నారో మీరే లెక్కపెట్టుకోండి. ముప్పై మంది మధ్య ఒంటరిగా పరుగెత్తే మనిషి విసుక్కుంటే, ఆమెకు ఓర్పును గూర్చి ఉపన్యాసం ఇవ్వడంకంటే పక్కన మరొక నర్సును నియమించడం ఎక్కువ క్రైస్తవమైన పని.

జీతం సంగతీ అంతే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకలకంటే తక్కువ ఉన్న ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. అది సిఫారసు మాత్రమే. అయినా మన మనస్సాక్షికి అది కొలబద్ద. కార్మికుడు అవసరంకొద్దీ ఒప్పుకున్నంత మాత్రాన తక్కువ జీతం న్యాయమైపోదని 13వ సింహరాయ పోపుగారు 1891లోనే లోకానికి చెప్పారు. "ఇది సేవ కదా" అనే పవిత్రమైన మాటను జీతం కోయడానికి కత్తిగా వాడకూడదు. ఈ మాట ఇతరుల ఆసుపత్రులకే గాక మన ఆసుపత్రులకూ వర్తిస్తుంది. శ్రీసభ నడిపే సంస్థలో న్యాయం అడిగిన నర్సును అవిధేయురాలు అన్నామంటే, మనం విధేయతను గాక భయాన్ని కోరుతున్నామన్నమాట.

మన తెలుగునేలమీదే ఒక మంచి ఆదర్శం ఉంది. ఆస్ట్రేలియాలో వైద్యురాలుగా పేరుపొందిన మేరీ గ్లోరీ గారు 1920లో గుంటూరు చేరి, యేసు మరియ జోజప్ప సభలో మఠకన్యగా ఉంటూ వేలాదిమందికి వైద్యం చేశారు. తానొక్కతే ఎంత పనిచేసినా చాలదని గ్రహించి, స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. అంతటి వైద్యురాలే తన చేతులు చాలవని ఒప్పుకుని ఇతరుల చేతులను తయారుచేసుకున్నారు. జట్టుగా పనిచేయడమంటే ముందు ఆ వినయం కావాలి. పక్కవాడు లేకపోతే నేను చాలను అన్న ఎరుక అది.

చివరగా కుటుంబాలకు మూడు మాటలు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీ భయాన్ని నర్సుమీద కోపంగా కుమ్మరించకండి. వైద్య సిబ్బందిపై దౌర్జన్యం చేస్తే మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించే చట్టం మనకు 2008నుండి ఉంది. అందులో నర్సులూ ఉన్నారు. కాని చట్టానికి భయపడి గాక, ఆ బిడ్డ కూడా ఒక ఇంటి ఆడపడుచేనని గుర్తించి మర్యాదగా అడగండి. అడగడం మాత్రం మానకండి. ఏ మందు పడదో చెప్పడం, ఇది ఏ మందని అడగడం మీ హక్కు. ఆ జట్టులో మీరూ ఒకరు.

నైట్ డ్యూటీ చేసే అమ్మాయిని గూర్చి పెళ్ళిచూపుల్లో గుసగుసలాడకండి. రాత్రివేళ మీ తల్లికి నీళ్ళు పట్టింది అటువంటి అమ్మాయే.

నర్సు ఉద్యోగానికి వెళ్ళే మీ బిడ్డకు తల వంచుకో అని మాత్రమే చెప్పి పంపకండి. పని దగ్గర తల వంచు, రోగి ముందు వంగు, పెద్దల ఎదుట మర్యాదగా ఉండు. కాని తప్పు కనిపించిన చోట తల ఎత్తి మాట్లాడు అని చెప్పండి. మాట్లాడినందుకు ఆమెకు ఇబ్బంది వస్తే, ఆమె జీతంమీద ఆధారపడిన ఇల్లు ఆమెను తప్పుపట్టకుండా ఆమె పక్కన నిలబడాలి. అలా నిలబడే ఇల్లు ఉందన్న ధైర్యమే ఒక రాత్రి, ఏదో ఒక వార్డులో, మనకు పేరైనా తెలియని ఒక తల్లిని ఆమె బిడ్డకు దక్కించవచ్చు.

రోగుల మధ్య మేలుకుని ఉన్న మన బిడ్డలందరికీ సత్యం పలికే ధైర్యాన్ని, ప్రేమతో పలికే నేర్పును ప్రభువు దయచేయుదురు గాక!